చిన్న ఓడల విహారయాత్రలు: ప్రపంచ అనుభవం, నెల్లూరు తీరం

సరుకు మోయడానికో, చేపలు పట్టడానికో, టపా అందించడానికో పుట్టిన ఓడ యాత్రికులను ఎక్కించుకుని రేవు రేవునా ఆగుతూ సాగడం, లేదా అలాంటి పాత నమూనాలో కొత్తగా కట్టిన ఓడ ఆ పని చేయడం సంప్రదాయ నౌకా విహారం. ఇందులో ప్రయాణికుల సంఖ్య పది మంది నుంచి రెండు మూడు వందల దాకా ఉంటుంది. పెద్ద విహారనౌకల లెక్క వేరు. 2024 జనవరిలో తొలి యాత్ర చేసిన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ గరిష్ఠంగా 7,600 మందిని ఎక్కించుకోగలదు. 2023లో ప్రపంచమంతటా సముద్ర విహారానికి వెళ్లినవారు 3 కోట్ల 17 లక్షల మంది. వారిలో అత్యధికులు పెద్ద ఓడలే ఎక్కారు. చిన్న ఓడల వాటా కొద్దిపాటిదే. అయినా పెద్ద ఓడ చొరలేని వాగుమొగల్లోకి, కాలువల్లోకి, పల్లె రేవుల్లోకి చిన్న ఓడ వెళ్తుంది. దాని ఆదాయంలో ఎక్కువ భాగం ఆ ఒడ్డునే ఖర్చవుతుంది. ఓడ కట్టే వడ్రంగికి, తెరచాప కుట్టేవాడికి, సరంగుకు పని దొరుకుతుంది. అందుకే తీరప్రాంతాల అభివృద్ధి గురించి ఆలోచించేటప్పుడు ఈ చిన్న వాటాకు పెద్ద విలువ ఉంది.

సరుకు ఓడల రెండో బతుకు

ఈ రంగంలో నిలిచిన ప్రయోగాలు చాలావరకు కాలం చెల్లిన సరుకు పడవలతోనే మొదలయ్యాయి. ఇది మొదటి తరహా. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో కలప, రాయి, సున్నం మోసిన స్కూనర్లు రైళ్లూ లారీలూ వచ్చాక రేవుల్లో మూలపడ్డాయి. 1936లో ఫ్రాంక్ స్విఫ్ట్ అనే ఆయన కామ్డెన్ రేవు నుంచి అలాంటి పాత స్కూనర్ మీద పర్యాటకులను వారం రోజుల యాత్రకు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. పెనోబ్‌స్కాట్ అఖాతంలో దీవుల మాటున, గాలి ఎటు వీస్తే అటు సాగే యాత్ర అది. ఆ బాట పట్టిన ఓడల్లో 1871లో కట్టిన ‘స్టీఫెన్ టేబర్’, ‘లూయిస్ ఆర్. ఫ్రెంచ్’ కూడా ఉన్నాయి. విహారయాత్ర లేకపోతే ఈ రెండూ ఏనాడో పొయ్యిలో కట్టెలయ్యేవి. నెదర్లాండ్స్‌లోనూ ఇదే జరిగింది. లోతు తక్కువ నీళ్లలో సరుకు మోసిన చదును అడుగు పడవలు ఈనాడు ఐసెల్‌మేర్ సరస్సులో, వాడెన్ సముద్రంలో యాత్రికులను తిప్పుతున్నాయి. ప్రయాణికులే తాళ్లు లాగి తెరచాప ఎత్తుతారు.

తుర్కియే నైరుతి తీరంలో స్పాంజీ ఏరే పడవలు, చేపల పడవలు ఈ పని అందుకున్నాయి. 1925లో బోద్రుమ్‌కు ప్రవాసశిక్షపై వచ్చిన రచయిత జెవాత్ షాకిర్, ఆ తరువాతి దశాబ్దాల్లో మిత్రులను ఆ పడవలపై తీరం వెంట తిప్పాడు. రచయితలు, చిత్రకారులు చేసిన ఆ యాత్రలకు ‘నీలి యాత్ర’ అనే పేరు స్థిరపడింది. ఆ పడవ రూపమే పెరిగి ‘గులెట్’ అయింది. బోద్రుమ్ కార్ఖానాలు ఇప్పటికీ వాటిని కడుతున్నాయి. ఇండోనేసియాలోని దక్షిణ సులవేసిలో పినిసి ఓడలు కట్టే విద్యను 2017లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. పూర్వం దీవుల మధ్య సరుకు మోసిన ఈ జాతి ఓడల్లో ఇప్పుడు చాలా వాటిని కొమొడో దీవుల విహారం కోసమే కడుతున్నారు. మాల్దీవుల్లో 1972లో పర్యాటకం మొదలయ్యాక ధోనీలు కూడా ఈ దారిలోకే వచ్చాయి.

మన దేశంలో ఇందుకు పేరు మోసిన ఉదాహరణ కేరళ కెట్టువళ్లం. మేకు కొట్టకుండా ఆంజిలి పలకలను కొబ్బరి తాడుతో కుట్టి కట్టిన ఈ పడవలు కుట్టనాడు ధాన్యాన్ని మోసేవి. రోడ్లు వచ్చాక పని కోల్పోయాయి. 1990ల తొలి ఏళ్లలో వాటి మీద గదులు కట్టి అలప్పుళ వెనుక జలాల్లో తిప్పడం మొదలైంది. కొద్ది కాలంలోనే అది ఆ జిల్లాకు ప్రధాన జీవనాధారాల్లో ఒకటైంది. దాని వెంట నష్టమూ వచ్చింది. పడవల సంఖ్యకు ఆదిలోనే హద్దు పెట్టకపోవడంతో వెంబనాడు సరస్సులోకి మురుగు, ఇంజిన్ నూనె చేరాయి. 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు ఉన్నా ఆ సరస్సు ఈ భారం తప్పించుకోలేకపోయింది.

టపా ఓడలు, కొత్త తెరచాపలు

రెండో తరహా, పని మానకుండానే యాత్రికులను మోసే ఓడలు. నార్వేలో 1893లో కెప్టెన్ రిచర్డ్ వీత్ ‘వెస్టరోలెన్’ అనే ఆవిరి ఓడతో ప్రారంభించిన తీర సర్వీసు ఇందుకు మేటి. బెర్గన్ నుంచి కిర్కెనెస్ దాకా 34 రేవులు తాకుతూ సాగే ఈ దారిలో ఒకే ఓడ మీద పల్లెవాసులు, వారి సరుకులు, దూరదేశాల పర్యాటకులు కలిసి ప్రయాణిస్తారు. పర్యాటకులు రాని కాలంలో స్థానికుల అవసరం, స్థానికుల రాబడి చాలనప్పుడు పర్యాటకుల డబ్బు ఈ సర్వీసును కాపాడుతున్నాయి.

మూడో తరహా, పాత అందాన్ని నిలిపే పెద్ద తెరచాప నౌకలు. 1931లో జర్మనీలోని కీల్‌లో ఒక ధనిక కుటుంబం కోసం కట్టిన ‘సీ క్లౌడ్’ 1979 నుంచి 64 మంది ప్రయాణికులతో విహారాలు చేస్తోంది. 1991, 1992లలో ‘స్టార్ ఫ్లయర్’, ‘స్టార్ క్లిప్పర్’, 2000లో అయిదు స్తంభాల ‘రాయల్ క్లిప్పర్’ వచ్చాయి. ఇవి సంపన్నులకే అందుబాటు. ఒక జిల్లా తీరం నేర్చుకోదగిన పాఠాలు వీటిలో తక్కువ.

నది విహారం నాలుగో తరహా. నైలు నది మీద తెరచాపతో సాగే దహబియాలు, 1869 తరువాత థామస్ కుక్ సంస్థ నడిపిన ఆవిరి ఓడలు దీనికి మూలం. మన గంగ మీద 2023 జనవరి 13న వారణాసిలో బయలుదేరిన ‘గంగా విలాస్’ 36 మంది ప్రయాణికులతో 51 రోజుల్లో 3,200 కిలోమీటర్లు సాగి డిబ్రూగఢ్ చేరేలా రూపొందింది. అది కొత్త ఓడ, ఖరీదైన యాత్ర. అయినా మన నదీమార్గాల మీద అంత దూరం సాగగలమని చూపింది.

హద్దులు

చిన్న ఓడల విహారం నిలకడగా సాగిన చోట్ల సంఖ్య మీద గట్టి నియమం కనిపిస్తుంది. గలాపగోస్ దీవుల మధ్య యాత్రికులను తిప్పే ఏ ఓడా వంద మందికి మించి ఎక్కించుకోరాదు. అంటార్కిటికాలో 500 మందికి మించిన ప్రయాణికులున్న ఓడ మనుషులను ఒడ్డుకు దింపరాదు. చిన్న ఓడ అయినా ఒక చోట ఒకేసారి వంద మందిని మించి దింపకూడదు. ఇటలీ ప్రభుత్వం 2021 ఆగస్టు 1 నుంచి 25,000 టన్నులు దాటిన ఓడలను వెనిస్ ప్రధాన జలమార్గంలోకి రానివ్వడం మానేసింది. ముందే హద్దు గీసిన చోట ఓడల వాళ్లూ బతికారు, నీళ్లూ బతికాయి. ఆలస్యంగా మేల్కొన్న చోట పడవలను తగ్గించడం ఎంత కష్టమో వెంబనాడు చెబుతోంది.

భద్రత ఇంకా పెద్ద విషయం. పాత నమూనా ఓడ చూడముచ్చటగా ఉంటుంది గానీ తుపానుకు ఆ అందంతో పని లేదు. 1998 అక్టోబరులో మిచ్ తుపాను ‘ఫాంటమ్’ అనే నాలుగు స్తంభాల విహార స్కూనర్‌ను కరీబియన్ సముద్రంలో ముంచింది. ప్రయాణికులను ముందే బెలీజ్‌లో దించేయడంతో వారు బతికారు. ఓడలో ఉండిపోయిన 31 మంది సిబ్బందిలో ఒక్కరూ మిగలలేదు. లోపలి నీళ్లలో చావులకు తుపానే రానక్కరలేదు. పరిమితి దాటిన జనం, పనికిరాని మార్పులు చేసిన పడవ, అనుభవం లేని సరంగు చాలు. కేరళలో 2009 సెప్టెంబరు 30న తేక్కడిలో 45 మంది, 2023 మే 7న తానూరులో 22 మంది ఇలాగే ప్రాణాలు కోల్పోయారు. తెలుగునేలకూ ఈ గాయాలున్నాయి. 2017 నవంబరు 12న కృష్ణా–గోదావరి పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న బోటు వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగి యాభై మంది దాకా బలయ్యారు. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో బోట్ల కదలికలను కనిపెట్టే కంట్రోల్ రూములు పెట్టారు. దేశమంతటా 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో అంతర్గత నౌకల చట్టం వచ్చింది. ప్రతి పడవకూ రిజిస్ట్రేషన్, తనిఖీ, శిక్షణ పొందిన సిబ్బంది తప్పనిసరి అనేది దాని సారం.

నెల్లూరు తీరం, దాని ఓడలు

పూర్వపు నెల్లూరు జిల్లాకు సుమారు 170 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. ఉత్తరాన రామాయపట్నం చేరువ నుంచి ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నం, తూపిలిపాళెం, దుగరాజపట్నం మీదుగా శ్రీహరికోట దాకా అది దాదాపు నిటారుగా సాగుతుంది. అఖాతాలు లేవు, దీవుల చాటు లేదు. ఒడ్డుకు దగ్గరలోనే అలలు విరుగుతాయి. పెద్ద ఓడ సముద్రంలో లంగరు వేస్తే, మనిషినీ మూటనూ ఒడ్డు చేర్చేది చిన్న పడవే. ఈ తీరపు నావికా జ్ఞానమంతా ఆ అలల వరసను దాటడంలో పుట్టింది. కోరమాండల్ అంతటా వాడిన మసూలా పడవ అందుకు సాక్ష్యం. పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల తాకితే అది వంగేది, విరిగేది కాదు. దుంగలు జోడించి కట్టిన తెప్పల మీద పట్టపు కులస్థులు తరాలుగా వేటకు వెళ్లారు. ఇప్పుడు ఆ చోట ఫైబర్ బోట్లు కనిపిస్తాయి.

ఈ తీరానికి దూరదేశాలతో సంబంధం ప్రాచీనం. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ ఉంది. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి పాత గుడి శిథిలం తగిలి, రోమన్ బంగారు నాణేలున్న కుండ బయటపడింది. ఉత్తరాన ఉన్న మోటుపల్లి రేవులో 1244–45లో కాకతీయ గణపతిదేవుడు అభయశాసనం వేయించాడు. గాలికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాగేసుకునే ఆచారాన్ని మాన్పి, సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు మాట ఇచ్చాడు. పరాయి ఓడకు రక్షణ ఉంటేనే రేవు బతుకుతుందని ఆ శాసనం ఎరిగి చెప్పింది. 1613లో డచ్చివారు పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టారు. 1626లో ఇంగ్లీషువారు దుగరాజపట్నం దగ్గర ‘ఆర్మగాన్’ పేరుతో వర్తకస్థావరం పెట్టి, దానికి ఫిరంగులతో కోట కట్టారు. 1639లో మద్రాసు స్థలాన్ని సంపాదించిన ఫ్రాన్సిస్ డే ఈ ఆర్మగాన్ నుంచే వెళ్లాడు. మద్రాసు పెరిగింది, దుగరాజపట్నం పల్లెగా మిగిలింది.

ఇక్కడి సముద్రానికి ఒక క్యాలెండరు ఉంది. ఈశాన్య రుతుపవనాల వేళ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు వస్తాయి. తెరచాపల కాలంలో ఓడలు అక్టోబరు నడిమికల్లా ఈ తీరం విడిచి వెళ్లేవి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ నెల్లూరునూ ముంచెత్తింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. సముద్ర విహారానికి అనువైన కాలం జనవరి నుంచి మార్చి వరకే. మచిలీపట్నానికీ చెన్నై పరిసరాలకూ మధ్య ఓడ నిలవగల లోతైన రేవు 2008లో ప్రారంభమైన కృష్ణపట్నం. అది బొగ్గు, ఖనిజాల వంటి సరుకుల కోసం కట్టిన రేవు. ఇవన్నీ కలిపి చూస్తే, నెల్లూరు ముందున్న సముద్రం చిన్న ఓడల విహారానికి కష్టమైన చోటు. నెల్లూరు భాగ్యం సముద్రానికి వెనుక, ఇసుక దిబ్బల చాటున ఉంది.

ఇసుక దిబ్బల వెనుక

ఆ చాటున సాగేది బకింగ్‌హామ్ కాలువ. 1806లో బేసిల్ కాక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు వైపు ఉప్పునీటి కాలువ తవ్వించడంతో దీని కథ మొదలైంది. దశాబ్దాల తరబడి అది ఉత్తరానికి పెరిగింది. 1876–78 నాటి దారుణ క్షామంలో కరువు పనిగా మద్రాసు నగరంలోని భాగాన్ని తవ్వించారు. 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. పూర్వపు ప్రకాశం జిల్లా తీరంలోని పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 ఆంధ్రలోవే. పెన్న, స్వర్ణముఖి వంటి నదులను దాటేచోట లాకులు కట్టారు. కొమ్మమూరు కాలువతో కలిసి ఇది కృష్ణా, గోదావరి కాలువలకు అందేది. కాకినాడలో పడవ ఎక్కినవారు సముద్రం మొహం చూడకుండా మద్రాసు దాటి వెళ్లగలిగేవారు. తెరచాప ఎత్తి, గాలి లేనప్పుడు ఒడ్డున మనుషులు తాడుతో లాగి నడిపిన పడవల మీద నెల్లూరు మొలగొలుకుల బియ్యం, ఉప్పు, గవ్వసున్నం, శ్రీహరికోట కట్టెలు మద్రాసు చేరాయి. 1899లో మద్రాసు–బెజవాడ రైలుమార్గం పూర్తవడంతో దెబ్బ మొదలైంది. తరువాత లారీలు వచ్చాయి. 1960ల, 1970ల తుపాన్లు గట్లను తెంచి, ఇసుకతో పూడ్చాయి. పడవలు ఆగిపోయాయి. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, కృష్ణా గోదావరి భాగాలను కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. నెల్లూరు భాగంలో ఆ ప్రకటన కాగితం దాటి నీటి మీదికి రాలేదు.

దక్షిణాన కాలువ చేరేది పులికాట్ సరస్సును. ఊరివాళ్ల నోట అది ప్రళయ కావేరి. చిలికా తరువాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. అధిక భాగం ఆంధ్రలో ఉంది. శ్రీహరికోట దీవి దానికీ సముద్రానికీ మధ్య గోడ. కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి, మొగల గుండా ఉప్పునీరు వస్తుంది. చలికాలంలో ఫ్లెమింగోలు ఇక్కడ దిగుతాయి. పక్కనే నేలపట్టులో గూడబాతులు గూళ్లు కడతాయి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుగుతుంది. తడ దగ్గరి భీమునివారిపాళెం నుంచి ఇరకం దీవికి జనం పడవ మీదే రాకపోకలు సాగిస్తారు. నార్వే తరహాలో స్థానికులూ యాత్రికులూ ఒకే పడవను పంచుకునే అవకాశం నెల్లూరు పరిసరాల్లో ఉన్నది ఇక్కడే.

అయితే సరస్సు బలహీనపడుతోంది. చాలా చోట్ల లోతు మనిషి నడుముకు మించదు. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడుకుపోయి, సముద్రపు పోటు లోపలికి అందడం లేదు. ఉత్తర భాగం వేసవిలో ఎండి ఉప్పు నేలవుతుంది. చేప తగ్గితే వలకు పని లేదు, పడవకు పని లేదు. యానాదులు, పట్టపువారు ముందుగా నష్టపోతారు. ఇది పక్షి రక్షిత ప్రాంతం. అటవీశాఖ అనుమతి లేకుండా ఇంజిన్ బోట్లు తిప్పడం కుదరదు, తిప్పకూడదు కూడా. శ్రీహరికోటలో 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్నాయి. ప్రయోగాల రోజుల్లో చుట్టుపక్కల నీళ్లు మూసేస్తారు. ఆ దీవి భద్రతా పరిధి విహారాల దారిని శాశ్వతంగా పరిమితం చేస్తుంది.

ఇప్పటి ప్రయత్నాలు

తెలుగువారికి నీటి మీద విహారం కొత్త కాదు. 1973 నాటి ‘అందాల రాముడు’, 2006 నాటి ‘గోదావరి’ సినిమాలు రెండూ గోదావరి పడవ మీదే నడిచాయి. పాపికొండల లాంచీలు, నాగార్జునసాగర్–శ్రీశైలం లాంచీలు జనానికి తెలిసినవే. సముద్రం వైపు చూస్తే, విశాఖపట్నంలో 2023 సెప్టెంబరు 4న అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2024 సెప్టెంబరు 30న కేంద్రం ‘క్రూయిజ్ భారత్’ కార్యక్రమాన్ని ప్రకటించింది. ఇవి పెద్ద ఓడల మీద, పెద్ద రేవుల మీద దృష్టి పెట్టిన పనులు. చిన్న పడవకు చిన్న జెట్టీ, దారి చూపే గుర్తులు, తాగునీరు, మురుగు సేకరణ చాలు. ఆ ఖర్చు టెర్మినల్ ఖర్చుతో పోల్చదగింది కాదు. కానీ వాటి గురించి అడిగే గొంతు బలంగా లేదు.

తెరచాప నావికత్వం కూడా ఈ నేలకు దూరమేమీ కాలేదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వి తారిణి మీద బయలుదేరి, 2018 మే 21న తిరిగి చేరి, భూగోళాన్ని చుట్టిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో విశాఖ బిడ్డ స్వాతి పాతర్లపల్లి, హైదరాబాద్ ఆడపడుచు ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. 2025 మే 21న కార్వార్‌లో నౌకాదళంలో చేరిన కౌండిన్య ఓడను అజంతా చిత్రంలోని అయిదో శతాబ్దపు ఓడను చూసి, పలకలను కొబ్బరి తాడుతో కుట్టి కట్టారు. దాన్ని కుట్టినది కేరళ పనివారు. అక్కడ ఆ విద్య బతికి ఉంది కాబట్టే ఆ ఓడ సాధ్యమైంది. కోరమాండల్ మసూలా పడవదీ అదే కుట్టు. ఆ కుట్టు తెలిసిన చేతులు ఈ తీరంలో వేగంగా తగ్గిపోతున్నాయి.

తీర్పు

ప్రపంచ అనుభవం నుంచి మూడు షరతులు తేలుతాయి. పడవకు యాత్రికుల డబ్బు కాక మరో పని కూడా ఉండాలి. నీరు తుపానుకు, అలకు చాటుగా ఉండాలి. పడవల సంఖ్యకు, వాటి భద్రతకు మొదటి రోజే గట్టి హద్దు ఉండాలి. నెల్లూరు సముద్రం రెండో షరతు తీర్చదు. బకింగ్‌హామ్ కాలువ, ప్రళయ కావేరి తీర్చగలవు, పూడిక తీస్తేనే. కాబట్టి వరస కూడా స్పష్టమే. ముందు రాయదొరువు మొగ తెరవాలి. ఆ పని పక్షికి, చేపకు, వేటగాడికి మేలు చేస్తుంది, యాత్రికుడు రాకపోయినా ఆ మేలు ఉండిపోతుంది. తరువాత కాలువలో ఒక చిన్న భాగాన్ని, కృష్ణపట్నం పరిసరాల్లో గానీ సూళ్లూరుపేట దిశలో గానీ, పడవ సాగేలా బాగుచేయాలి. దాని మీద గడతో, తెరచాపతో, చప్పుడు లేని మోటారుతో నడిచే కొద్దిపాటి పడవలకే అనుమతి ఇవ్వాలి. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రమే, పక్షుల గూళ్లకు దూరంగా నడపాలి. పడవల యాజమాన్యం మత్స్యకార సహకార సంఘాల చేతుల్లో ఉండాలి. లైఫ్ జాకెట్ వేసుకోని మనిషి ఉన్నంతవరకు పడవ రేవు వదలకూడదు.

పూడిక తీత తప్ప ఈ పనుల్లో ఏదీ భారీ పెట్టుబడి అడగదు. అడిగేది ఓపిక, క్రమశిక్షణ. పాత పడవలు కట్టిన చేతులు, కాలువ మీద సరుకు మోసిన జ్ఞాపకాలు తీరపు పల్లెల్లో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. అవి పోకముందే రాష్ట్ర పర్యాటక, మత్స్య, అటవీ శాఖలు ఒక చోట కూర్చుని ఈ కాలువ మీద నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయం కోసం గట్టిగా అడగవలసిన బాధ్యత నెల్లూరు, సూళ్లూరుపేట ప్రాంతాల ప్రజలది.